చిన్న ఊరి నుంచి ఖండం దాకా

తాడేపల్లిలో పాల ప్యాకెట్లు గుమ్మాలకు చేరే వేళ, ఉదయం ఆరు గంటలు. రియో డి జనీరోలో అప్పటికి ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర. బుధవారం రాత్రుళ్లు అక్కడ పెద్ద మ్యాచ్‌లు మొదలయ్యేది తరచూ ఆ వేళకే. యూరప్ ఫుట్‌బాల్ కోసం మన కుర్రాళ్లు అర్ధరాత్రి దాకా నిద్ర ఆపుకొని కూర్చోవాలి. బ్రెజిల్ ఆటకు ఆ బాధ లేదు. గురువారం పొద్దున లేచి చూస్తే చాలు.

చిక్కు చూడటంలో లేదు, అర్థం చేసుకోవడంలో ఉంది. పీలే నుంచి నెయ్‌మార్ దాకా పేర్లు మనకు కంఠతా వచ్చు. ప్రపంచ కప్ వచ్చిందంటే బ్రెజిల్ పసుపు చొక్కా, అర్జెంటీనా నీలిచారల చొక్కా ప్రతి సందులోనూ కనిపిస్తాయి. ఆ ఆటగాళ్లను తయారు చేసిన పోటీల సంగతి అడిగితే మాత్రం అభిమానులకే తెలియదు. రియో క్లబ్బు ఫ్లమెంగో ఈ ఆదివారం ఒక టోర్నీ ఆడుతుంది, బుధవారం మరొకటి, పై వారం ఇంకొకటి. ఒక పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టు మరో పోటీలో అప్పటికే ఇంటిముఖం పట్టి ఉంటుంది. ఒకే ఏడాదిలో ఒకే క్లబ్బు రాష్ట్ర విజేత, దేశ విజేత, ఖండ విజేత కూడా కావచ్చు.

ఈ ముడి విప్పాలంటే ఫ్లమెంగో లాంటి మహా క్లబ్బు దగ్గర మొదలుపెట్టకూడదు. మిరస్సోల్ దగ్గర మొదలుపెట్టాలి.

మిరస్సోల్ అనే ఊరు

సావో పాలో నగరానికి దాదాపు 450 కిలోమీటర్ల దూరంలో, అదే రాష్ట్రం లోపలి భాగంలో ఉన్న చిన్న పట్టణం మిరస్సోల్. జనాభా 60 వేల పైచిలుకు. మంగళగిరితో కలిసి నగరపాలక సంస్థ కాకముందు మన తాడేపల్లి ఎంత ఉండేదో ఇంచుమించు అంత. ఆ ఊరి పేరే క్లబ్బు పేరు. 1925లో పుట్టింది. పుట్టిన తర్వాత తొంభై ఏళ్లకు పైగా సావో పాలో రాష్ట్రం దాటి దాన్ని ఎరిగినవాళ్లు తక్కువ.

2020 జులైలో కరోనా విరామం తర్వాత సావో పాలో రాష్ట్ర ఛాంపియన్‌షిప్ తిరిగి మొదలైంది. ఆ విరామంలో మిరస్సోల్ 18 మంది ఆటగాళ్లను పోగొట్టుకుంది. ఒప్పందాల గడువు తీరి వెళ్లిపోయారు. దొరికినవాళ్లను కూడదీసుకొని క్వార్టర్ ఫైనల్‌లో సావో పాలో క్లబ్బును దాని సొంత మైదానం మొరుంబిలోనే 3-2తో ఓడించింది. ఖండాన్ని మూడుసార్లు గెలిచిన క్లబ్బు మీద, చేతికందిన ఆటగాళ్లతో బరిలో దిగిన ఒక చిన్న ఊరి గెలుపు అది.

అక్కడి నుంచి లెక్కపెట్టండి. 2020 సీజన్‌లోనే జాతీయ నాలుగో అంచె, అంటే సెరీ డి గెలిచింది. 2022లో మూడో అంచె సెరీ సి గెలిచింది. 2024లో సెరీ బి లో రెండో స్థానం సంపాదించి పై అంచెకు ఎక్కింది. 2025లో, క్లబ్బుకు సరిగ్గా వందేళ్లు నిండిన ఏడాది, జీవితంలో మొదటిసారి సెరీ ఎ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది. అలా దక్షిణ అమెరికా ఖండపు అత్యున్నత పోటీ, కోపా లిబెర్తడోరెస్‌కు అర్హత దక్కింది. తన దగ్గర ఎదిగిన లూయిజ్ అరావుజో అనే కుర్రాడు 2017లో ఫ్రాన్స్ క్లబ్బు లీల్‌కు అమ్ముడైనప్పుడు తన వాటాగా వచ్చిన డబ్బును మిరస్సోల్ శిక్షణ కేంద్రం మీద పెట్టింది. ఆ పెట్టుబడి ఇన్నాళ్లకు పండింది.

అయిదేళ్లలో నాలుగు అంచెలు. ఎవరూ దయతలచి పిలవలేదు, ఎవరూ వేలంలో జట్టును కొనలేదు. ఆడి గెలిచి ఎక్కింది. బ్రెజిల్ పోటీల వ్యవస్థ మొత్తం ఈ ఒక్క ప్రయాణంలో కనిపిస్తుంది.

మొదట రాష్ట్రం, తర్వాతే దేశం

బ్రెజిల్‌లో 26 రాష్ట్రాలు, ఒక రాజధాని ప్రాంతం. 27 చోట్లా ఒక్కో ఫుట్‌బాల్ సమాఖ్య, ఒక్కో ఛాంపియన్‌షిప్. సావో పాలో వారి పౌలిస్తా 1902లో మొదలైంది. రియో వారి కారియోకా 1906లో. జాతీయ స్థాయి క్లబ్బు పోటీ అంటూ వచ్చింది 1959లో. అంటే అర శతాబ్దానికి పైగా రాష్ట్రమే ప్రపంచం. దేశం వైశాల్యం 85 లక్షల చదరపు కిలోమీటర్లు. దక్షిణాన పోర్తో అలెగ్రె నుంచి అమెజాన్ అడవుల్లోని మనావుస్‌కు 3 వేల కిలోమీటర్ల పైమాటే. రోడ్లు లేని, విమానాలు అందని కాలంలో లీగ్ అంటే పక్క ఊరితో ఆడేదే.

అందుకే అక్కడ పాతతరం మనిషిని కదిపితే దేశ టైటిల్ కంటే ముందు రాష్ట్ర టైటిల్ గురించి చెబుతాడు. పీలే 1958లో ఒక్క పౌలిస్తాలోనే 58 గోల్స్ కొట్టాడు. 1963లో రియోలోని మరకానా మైదానంలో ఫ్లమెంగో, ఫ్లుమినెన్సె తలపడ్డ మ్యాచ్‌కు టికెట్ కొని వచ్చినవాళ్లే 1,77,020 మంది. క్లబ్బు మ్యాచ్‌ల చరిత్రలో అంతమంది ఇంకెక్కడా లేరు. అది ప్రపంచ కప్పు మ్యాచ్ కాదు, దేశ ఫైనల్ కూడా కాదు. రియో రాష్ట్ర టైటిల్ కోసం ఒకే ఊరి రెండు క్లబ్బులు ఆడిన మ్యాచ్. గోల్ లేకుండా ముగిసింది. ఫ్లమెంగోకు డ్రా చాలు, టైటిల్ దక్కింది.

తాడేపల్లి పాఠకుడికి దీన్ని చెప్పడానికి మన కాలువల కంటే మంచి ఉదాహరణ లేదు. సీతానగరం దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ ప్రధాన కాలువ బయలుదేరుతుంది. దాని నుంచి బ్రాంచి కాలువలు, వాటి నుంచి పిల్ల కాలువలు, చివర పొలంలో బోదెలు. బ్రెజిల్ ఆటలో అమరిక ఇదే, ప్రవాహం మాత్రం ఎదురు దిక్కు. బోదె నుంచి బయలుదేరి నదికి చేరుతుంది. రాష్ట్ర పోటీలో బాగా ఆడిన చిన్న క్లబ్బుకు సెరీ డి లో చోటు, జాతీయ నాకౌట్ పోటీలో చోటు దొరుకుతాయి. అక్కడి నుంచి పైకి దారి తెరిచే ఉంటుంది.

ఈ రాష్ట్ర పోటీల మీద బ్రెజిల్‌లో దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. పెద్ద క్లబ్బులు ఏడాదికి 70 దాకా మ్యాచ్‌లు ఆడాల్సి వస్తోందని, అలసిన ఆటగాళ్లతో ఊరి జట్ల మీద ఆడి ప్రయోజనం ఏమిటని ఒకవైపు. పెద్ద క్లబ్బు తమ ఊరికి వచ్చే ఆ ఒక్క రోజు టికెట్ డబ్బే చిన్న క్లబ్బుకు ఏడాది తిండి అని ఇంకోవైపు. రెండూ నిజమే. మూడో నిజం కూడా ఉంది. రాష్ట్ర పోటీ కొద్ది నెలల్లోనే ముగిశాక, జాతీయ అంచెల్లో చోటు లేని వందలాది చిన్న క్లబ్బుల ఆటగాళ్లు మిగతా ఏడాదంతా పని లేకుండా ఉంటారు. 2026 నుంచి బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య సీబీఎఫ్ రాష్ట్ర పోటీలను గరిష్ఠంగా 11 తేదీలకు కుదించింది. అదే సమయంలో సెరీ డి ని 64 క్లబ్బుల నుంచి 96కు పెంచింది. పైన కోసి కింద పెంచడం సరైన నిర్ణయమని నా అభిప్రాయం. చిన్న క్లబ్బుకు కావలసింది పెద్ద జట్టుతో ఒక పండుగ రోజు మాత్రమే కాదు, ఏడాది పొడవునా పని.

పట్టిక కుదరడానికి 30 ఏళ్లు

బ్రెజిల్ జాతీయ లీగ్ ఇవాళ చాలా తేలిక. సెరీ ఎ లో 20 క్లబ్బులు. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఇంట ఒకసారి, బయట ఒకసారి, మొత్తం 38 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. పాయింట్లు సమానమైతే మొదట చూసేది గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య, ఆ తర్వాతే గోల్స్ తేడా. ఈ నియమం నాకు ఇష్టం. గెలవడానికి ఆడినవాడికి విలువ ఇస్తుంది. చివరి నలుగురు కిందికి దిగుతారు. ఆ చోటును అక్కడి పత్రికలు జెడ్-4 అంటాయి. సెరీ బి నుంచి నలుగురు పైకి వస్తారు. ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. యూరప్ సీజన్ ఆగస్టు నుంచి మే దాకా ఉంటే, బ్రెజిల్‌లో అంతా ఒకే క్యాలెండర్ సంవత్సరంలో ముగుస్తుంది. అందుకే జులై, ఆగస్టుల్లో యూరప్ క్లబ్బులు డబ్బు సంచులతో వచ్చేసరికి బ్రెజిల్ జట్లు సీజన్ నడిమధ్యలో తమ మంచి కుర్రాళ్లను పోగొట్టుకుంటాయి.

ఈ తేలికతనం 2003లో వచ్చింది. అంతకుముందు ఏ ఏడాది నియమం ఆ ఏడాదిదే. సైనిక పాలన కాలంలో క్లబ్బులను చేర్చుకోవడమూ రాజకీయమే అయింది. పాలక పక్షానికి ఓట్లు తగ్గిన చోటల్లా జాతీయ పోటీలో ఒక క్లబ్బు పెరుగుతుందని జనం అనుకునేవారు. 1979లో ఆ సంఖ్య 94కు చేరింది. 1987లో పెద్ద క్లబ్బులు విడిపోయి సొంత టోర్నీ పెట్టుకున్నాయి. అందులో ఫ్లమెంగో గెలిచింది. సమాఖ్య లెక్కలో విజేత రెసిఫె నగరపు స్పోర్ట్ క్లబ్బు. ఆ ఒక్క టైటిల్ ఎవరిదన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2017లో స్పోర్ట్‌దేనని తేలింది. ముప్పై ఏళ్లు పట్టింది! 2000లో ఏకంగా 116 క్లబ్బులతో టోర్నీ జరిగింది. కింది అంచె నుంచి వచ్చిన సావో కయెతానో ఫైనల్ దాకా వెళ్లింది.

2003లో ఈ గందరగోళం ఆగింది. నాకౌట్ ఫైనల్ తీసేసి పూర్తి లీగ్ పెట్టారు. ఆ మొదటి ఏడాది క్రుజేరో సరిగ్గా 100 పాయింట్లతో గెలిచింది. అదే ఏడాది రాష్ట్ర టైటిల్, జాతీయ నాకౌట్ కప్పు కూడా దానివే. ఫైనల్ లేని లీగ్‌లో ఉత్కంఠ ఉండదని అప్పట్లో బెంగపడ్డవాళ్లు చాలామంది. ఆ బెంగ తీరడానికి ఎక్కువ కాలం పట్టలేదు, ఎందుకంటే పైన టైటిల్ పోరు చల్లబడినా కింద పోరు చల్లబడదు. సాంతోస్ సంగతే చూడండి. పీలే ఆడిన క్లబ్బు. 2023లో, ఆయన పోయిన మరుసటి ఏడాదే, చరిత్రలో మొదటిసారి కింది అంచెకు జారింది. ఎవరూ నియమం మార్చలేదు. 2024 అంతా సెరీ బి లో ఆడి, గెలిచి తిరిగొచ్చింది.

కింది అంచెలో ఆడటమంటే ఏమిటో తెలియాలంటే 2005 నవంబరు 26 తెలియాలి. గ్రేమియో అప్పటికే రెండుసార్లు ఖండాన్ని గెలిచిన క్లబ్బు. సెరీ బి లో పడి ఉంది. పైకి రావాలంటే ఆఖరి మ్యాచ్‌లో రెసిఫె నగరంలో నావ్‌టికో మీద ఓడకూడదు. మొదటి సగంలో నావ్‌టికోకు పెనాల్టీ వచ్చింది, బంతి గోల్ స్తంభానికి తగిలి తప్పింది. రెండో సగం చివర్లో ఇంకో పెనాల్టీ. గ్రేమియో ఆటగాళ్లు రిఫరీ మీదికి వెళ్లారు, ఎర్ర కార్డులు లేచాయి, పోలీసులు మైదానంలోకి వచ్చారు, ఆట చాలాసేపు ఆగింది. తిరిగి మొదలయ్యేసరికి గ్రేమియోకు మిగిలింది ఏడుగురు. ఆ పెనాల్టీని గోల్‌కీపర్ గలాతో ఆపాడు. వెంటనే ఎదురుదాడిలో అండర్సన్ అనే 17 ఏళ్ల కుర్రాడు బంతిని తీసుకెళ్లి గోల్ కొట్టాడు. ఏడుగురితో 1-0. గ్రేమియో సెరీ బి విజేతగా పైకి వచ్చింది. ఈ మ్యాచ్‌లో పెద్ద ట్రోఫీ ఏదీ లేదు. అయినా బ్రెజిల్‌లో దీని పేరు తెలియని అభిమాని ఉండడు. పడిపోయే భయం, ఎక్కే ఆశ ఉన్నచోటే ఇలాంటి ఆట పుడుతుంది.

నాకౌట్ కప్పు: చిన్నవాళ్ల పెద్ద రోజు

లీగ్ కాక ఇంకో జాతీయ పోటీ కోపా దో బ్రసిల్. 1989లో మొదలైంది. నాకౌట్. అన్ని రాష్ట్రాల నుంచీ క్లబ్బులు వస్తాయి. 2026లో వాటి సంఖ్య 126. ఓడితే ఇంటికి. గెలిచినవాడికి నేరుగా లిబెర్తడోరెస్. క్రుజేరో ఆరుసార్లు గెలిచి ముందుంది.

ఈ కప్పు గొప్పదనం 2004లో తెలిసింది. సావో పాలో శివారు పట్టణం సాంతో ఆంద్రె క్లబ్బు, రెండో అంచెలో ఆడే జట్టు, మరకానాలో నిండు జనం మధ్య ఫ్లమెంగోను ఓడించి కప్పు ఎత్తుకెళ్లింది. మరుసటి ఏడాది జుందియాయి పట్టణపు పౌలిస్తా క్లబ్బు ఫ్లుమినెన్సెను ఓడించింది. ఇద్దరూ ఆ దారినే లిబెర్తడోరెస్ ఆడారు.

ఖండం ఆట

దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య కాన్మెబోల్‌లో ఉన్నది పదే దేశాలు. 1916లో ఏర్పడింది. గయానా, సురినామ్ అదే ఖండంలో ఉన్నా ఉత్తర, మధ్య అమెరికా సమాఖ్యలో ఆడతాయి. ఈ పది దేశాల క్లబ్బులకు అసలైన కిరీటం కోపా లిబెర్తడోరెస్. ఖండానికి స్వాతంత్ర్యం తెచ్చిన బొలివార్, సాన్ మార్టిన్ లాంటి నేతల గౌరవార్థం పెట్టిన పేరు. మొదటి టోర్నీ 1960లో జరిగింది. ఉరుగ్వే క్లబ్బు పెన్యరోల్ గెలిచింది. బ్రెజిల్‌లో జాతీయ పోటీ పుట్టిందే దీని కోసం. ఖండానికి పంపడానికి ఒక దేశ విజేత కావాలి కదా! 1959లో ఆ మొదటి పోటీలో పీలే ఉన్న సాంతోస్‌ను దాటి బహియా క్లబ్బు గెలిచింది. 1959 నుంచి 1970 దాకా జరిగిన ఆ పాత పోటీల విజేతలను జాతీయ ఛాంపియన్లుగా సీబీఎఫ్ గుర్తించింది 2010లో.

ఇప్పటి లెక్క ఇదీ. మొత్తం 47 క్లబ్బులు. బ్రెజిల్‌కు ఏడు చోట్లు, అర్జెంటీనాకు ఆరు, మిగతా ఎనిమిది దేశాలకు తలా నాలుగు. వీటికి తోడు గత ఏడాది లిబెర్తడోరెస్ విజేత, రెండో కప్పు సుదమెరికానా విజేత. అందుకే బ్రెజిల్ క్లబ్బు ఖండం గెలిచిన మరుసటి ఏడాది బ్రెజిల్ నుంచి ఏడు కంటే ఎక్కువ జట్లు కనిపిస్తాయి. లీగ్ పట్టికలో అర్హత గీత ఒక్కో ఏడాది ఒక్కో చోట ఎందుకు ఉంటుందని తికమకపడేవారికి జవాబు ఇదే. తొలి రౌండ్లు దాటాక 32 జట్లు, ఎనిమిది గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి ఇద్దరూ నాకౌట్‌కు వెళతారు. మూడో జట్టు ఇంటికి పోదు, సుదమెరికానాలోకి దిగుతుంది. నాకౌట్ రౌండ్లలో ఇంట ఒకటి, బయట ఒకటి. బయట కొట్టిన గోల్‌కు ఎక్కువ విలువ అనే నియమం 2022 నుంచి లేదు. ఫైనల్ మాత్రం 2019 నుంచి ముందే నిర్ణయించిన ఊళ్లో ఒకే మ్యాచ్.

ఫైనల్ పద్ధతిని ఒకే మ్యాచ్‌కు మారుస్తున్న సమయంలోనే, రెండు మ్యాచ్‌ల పాత పద్ధతి ఆఖరి ఏడాది 2018లో, బ్యూనస్ ఎయిరెస్ బద్ధ ప్రత్యర్థులు రివర్ ప్లేట్, బోకా జూనియర్స్ ఫైనల్‌కు చేరాయి. రెండో మ్యాచ్‌కు వస్తున్న బోకా బస్సు మీద రాళ్లు పడ్డాయి, ఆటగాళ్లు గాయపడ్డారు. చివరికి డిసెంబరు 9న స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో ఆడించారు. రివర్ 3-1తో గెలిచింది. దక్షిణ అమెరికా విమోచకుల పేరున్న కప్పు ఫైనల్‌ను వాళ్లు ఎవరి పాలన నుంచి ఖండాన్ని విడిపించారో ఆ దేశ రాజధానిలో ఆడాల్సి రావడం అక్కడి అభిమానులకు ఇప్పటికీ బాధే. ఆ బాధ న్యాయమైనదే.

ఈ పోటీలో ప్రత్యర్థి ఒక్క జట్టే కాదు, భూమి కూడా. బొలీవియా నగరం లా పాస్ సముద్రమట్టానికి 3,600 మీటర్ల ఎత్తున ఉంది. తీర నగరాల నుంచి వెళ్లిన జట్టుకు అరగంటకే ఊపిరి అందదు, పలుచని గాలిలో బంతి వేగంగా దూసుకుపోతుంది. 2007లో ఫిఫా 2,500 మీటర్ల పైన అంతర్జాతీయ మ్యాచ్‌లు వద్దంది. ఆండీస్ పర్వత దేశాలు ఎదురుతిరిగాయి. మా ఊళ్లో మేము ఆడకూడదా అన్నాయి. 2008లో ఫిఫా వెనక్కి తగ్గింది. ఎత్తు మీది ఊరివాడికీ ఇంటి మైదానం హక్కే కాబట్టి, ఫిఫా తగ్గడమే సబబు.

2019 నుంచి 2025 దాకా ఏడు టోర్నీలూ బ్రెజిల్ క్లబ్బులవే. ఫ్లమెంగో మూడు, పల్మేరాస్ రెండు, ఫ్లుమినెన్సె, బొటాఫోగో ఒక్కొక్కటి. కారణం దాచేదేమీ లేదు, డబ్బు. బ్రెజిల్ మార్కెట్ పెద్దది, చోట్లూ ఎక్కువ. పక్క దేశాల మేటి ఆటగాళ్లను యూరప్ కంటే ముందు బ్రెజిలే కొంటోంది. మిగతా తొమ్మిది దేశాల అభిమానులకు ఇది ఆరోగ్యకరం కాదు. ఏడుసార్లు గెలిచి ఇప్పటికీ రికార్డు తన పేరనే ఉన్న అర్జెంటీనా క్లబ్బు ఇండిపెండియెంతె ఆఖరిసారి లిబెర్తడోరెస్ ఎత్తింది 1984లో.

అయినా ఈ వరసలో ఒక్క గెలుపు దగ్గర ఆగి తీరాలి. బొటాఫోగో 2023 లీగ్‌లో 13 పాయింట్ల ఆధిక్యం సంపాదించి, అదంతా పోగొట్టుకొని అయిదో స్థానంలో ముగించింది. అంత పతనం అక్కడ ఎవరూ ఎరగరు. 2024 నవంబరు 30, బ్యూనస్ ఎయిరెస్‌లో లిబెర్తడోరెస్ ఫైనల్. ప్రత్యర్థి అత్లెటికో మినేరో. ఆట మొదలైన నిమిషంలోపే బొటాఫోగో ఆటగాడు గ్రెగోరెకు ఎర్ర కార్డు. ఇంక మ్యాచ్ అంతా పదిమందే. ఆ పదిమందీ 3-1తో గెలిచారు. వారం తిరగగానే, డిసెంబరు 8న, దేశ లీగ్ కూడా గెలిచారు.

సుదమెరికానా గురించి చెప్పేటప్పుడు షపెకోయెన్సెను మరిచిపోలేం. దక్షిణ బ్రెజిల్‌లో షపెకో అనే పట్టణపు క్లబ్బు. 2009లో సెరీ డి. 2014కు సెరీ ఎ. మిరస్సోల్ కంటే ముందు ఆ మెట్లు ఎక్కింది అదే. 2016లో సుదమెరికానా ఫైనల్‌కు చేరింది. కొలంబియా నగరం మెడెయిన్‌లో మొదటి మ్యాచ్ ఆడటానికి వెళుతుండగా నవంబరు 28 రాత్రి విమానం కూలింది. 71 మంది చనిపోయారు. జట్టులో దాదాపు అంతా పోయారు. కప్పు వాళ్లకే ఇవ్వమని ప్రత్యర్థి క్లబ్బు అత్లెటికో నసియొనల్ అడిగింది. కాన్మెబోల్ ఒప్పుకుంది. మ్యాచ్ జరగాల్సిన రాత్రి మెడెయిన్ మైదానం నిండింది, ఆట చూడటానికి కాదు, నివాళికి.

దేశాల స్థాయి పోటీలు మనకు కొంత తెలిసినవే. కోపా అమెరికా 1916 నుంచి ఉంది. అర్జెంటీనా 16 సార్లు, ఉరుగ్వే 15, బ్రెజిల్ 9 సార్లు గెలిచాయి. ప్రపంచ కప్ అర్హతకు పది దేశాలూ ఒకే గ్రూపులో 18 మ్యాచ్‌లు ఆడతాయి. ప్రపంచంలో ఇంత కఠినమైన అర్హత పోటీ లేదనే మాటతో నేను ఏకీభవిస్తాను. అర్జెంటీనా లీగ్ వేరే లోకం. అక్కడ చాలాకాలం కిందికి దిగే జట్టును మూడు సీజన్ల సగటుతో నిర్ణయించారు. పెద్ద క్లబ్బును ఒక్క చెడ్డ ఏడాది నుంచి కాపాడే పద్ధతి అన్నమాట. 2011లో అదే పద్ధతి రివర్ ప్లేట్‌ను ముంచింది. ఆ ఏడాది ఆట మరీ హీనమేమీ కాదు, వెనకటి ఏళ్ల బరువు మీద పడింది.

మనకూ ఒక మెట్టు ఉండేది

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి సంగతి అనుకోనక్కరలేదు. రాష్ట్ర ఆట నుంచి ప్రపంచ ఆట పుట్టడం తెలుగు నేల మీద జరిగింది. హైదరాబాద్‌లో ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. స్థానిక లీగ్ పటిష్ఠం చేశారు. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సీజన్లలో హైదరాబాద్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడ బస్తీ కుర్రాడు తులసీదాస్ బలరాం, పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ అంతా హైదరాబాద్ ఆట తీర్చిన మనుషులు. 1963 జూన్‌లో రహీం పోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

మధ్యలో ఒక వెలుగు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రోజు కప్పు ఎత్తిన కెప్టెన్ జొవావ్ విక్టర్ బ్రెజిల్ మనిషి. మూడున్నరేళ్లు తిరిగేసరికి ఆ క్లబ్బు హైదరాబాద్‌లో లేదు. యాజమాన్యం మారి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. బ్రెజిల్‌లో పెద్ద క్లబ్బు దివాలా తీయవచ్చు, కింది అంచెకు జారవచ్చు, 2021 చట్టం తర్వాత కంపెనీ చేతికి అమ్ముడవ్వవచ్చు. ఊరు వదిలి పోవడం మాత్రం అక్కడి అభిమాని ఊహకు అందదు. క్లబ్బు ఊరి సభ్యులతో పుట్టింది, ఊరి పోటీలో పెరిగింది. మన క్లబ్బు పైనుంచి దిగింది, పైనుంచే ఎత్తుకుపోయారు.

హైదరాబాద్‌దే అయిన శ్రీనిధి దక్కన్ క్లబ్బు కథ ఇంకో రకం. ఇండియన్ సూపర్ లీగ్‌కు కింది అంచె ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లోనూ రెండో స్థానం. పై లీగ్‌కు వెళ్లేది విజేత ఒక్కడే. బ్రెజిల్ సెరీ బి లో రెండో స్థానం వచ్చిన మిరస్సోల్ పైకి వెళ్లి మరుసటి ఏడాది ఖండానికి అర్హత సాధించింది. ఇక్కడ రెండుసార్లు రెండో స్థానం వచ్చినా ఉన్నచోటే.

మెట్లు ఉన్నచోట మన దేశంలోనూ ఫలితం కనిపించింది. మిజోరం జనాభా మొత్తం 11 లక్షలు, మన చాలా జిల్లాల కంటే తక్కువ. 2012లో సొంత రాష్ట్ర లీగ్ పెట్టుకుంది. 2016-17లో ఐజాల్ ఎఫ్‌సీ, ఖాలిద్ జమీల్ శిక్షణలో, కోల్‌కతా మహా క్లబ్బులను దాటి ఐ-లీగ్ గెలిచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ దిశగా చెప్పుకోదగ్గ పని అనంతపురంలో జరిగింది. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడా గ్రామంలో పల్లె పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాల్ నేర్పి లీగ్‌లు ఆడిస్తున్నారు. వానలు సరిగా పడని జిల్లాలో అది సాధ్యమైనప్పుడు కృష్ణ ఒడ్డున ఎందుకు కాదు?

మనకు అడ్డు ఏమిటో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి వానకు అడుగు వేయనివ్వదు, ఎండకు నెర్రెలు ఇస్తుంది. పత్తి తీతలు, మిరప కోతల నెలల్లో కూలి ఇళ్ల పిల్లలు చేలో ఉంటారు. మార్చి వస్తే పరీక్షలు. మైదానానికి ఇసుక పోసి చదును చేసి నీరు పోయే దారి పెట్టాలి, ఆదివారాల మీద క్యాలెండర్ వేసుకోవాలి. ఇవి కోట్ల పనులు కావు. ఆటల సంఘాలు చేయాల్సిన పని వేరే ఉంది. జిల్లా లీగ్ గెలిచిన జట్టుకు రాష్ట్ర లీగ్‌లో చోటు, రాష్ట్ర లీగ్ గెలిచిన జట్టుకు జాతీయ పోటీలో చోటు అని నియమం రాసి, ఏటా అదే నియమం పాటించాలి. బ్రెజిల్‌కు ఆ నిలకడ రావడానికి 2003 దాకా పట్టింది. ఆ తప్పుల చరిత్ర మన కళ్ల ముందు ఉంది కనుక మనకు అంతకాలం అక్కరలేదు.

తాడేపల్లి, మంగళగిరి, తెనాలి, చిలకలూరిపేట, ఒంగోలు పాఠకులకు ఒక మాట. మీ ఊళ్లో బడి మైదానం ఉంటే, బంతి తన్నే పిల్లలు ఉంటే, ఎనిమిది జట్లు కట్టండి. ఆదివారానికో మ్యాచ్ చొప్పున ఇంటా బయటా ఆడించండి. పట్టిక రాసి అందరికీ కనిపించే గోడ మీద అంటించండి. పై అంచె కోసం సంఘాలను అడగండి, ఇచ్చేదాకా అడగండి.